పిట్ట ముందు ఇచ్చిన మాట

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్లు పట్టుకుని ఇంటికి వస్తుంటే, ఇబ్రహీంపట్నం చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు మీద ఒక దండు నన్ను ఆపింది. ఎనిమిది మంది ఆడా మగా, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు, కళ్ళకు నల్లద్దాలు, చేతులకు వేళ్ళు సగమే ఉన్న తొడుగులు. వాళ్ళ కింద ఉన్నవి సైకిళ్ళేనని చక్రాలు చూసి పోల్చుకున్నాను. వాటికి స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, బెల్లు కూడా లేదు. ఇన్ని లేకుండా చేసినందుకే వాటికి మోటారు సైకిలంత ధర అని ఎవరో చెప్పగా విన్నాను. అందులో ఒకమ్మాయి దిగి, "అంకుల్, ఇక్కడ పంచర్ వేసేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. నేను ఆలోచించకుండానే చెయ్యెత్తి రోడ్డు అవతలికి చూపించాను. చూపించిన తర్వాత గాని గుర్తు రాలేదు, అక్కడ ఇప్పుడు బాత్‌రూమ్ టైల్స్ అమ్మే మూడంతస్తుల అద్దాల షాపు ఉందని. ఆ పిల్ల ఆ అద్దాల వైపు చూసి, నా వైపు చూసి, పాపం పెద్దాయనకు మతి తప్పిందనుకున్నట్టుంది. నేను సిగ్గుపడి, ఎక్కడిదాకా పోతున్నారని మాట మార్చాను. "సూర్యలంక అంకుల్. బీచ్‌కి," అంది. అంతే, పాల ప్యాకెట్లు చేతిలో ఉన్న సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. ఇంటికి పోయేసరికి మా ఆవిడ పెట్టిన చివాట్లు వేరే సంగతి.

నా చెయ్యి చూపించిన చోట ఒకప్పుడు మా అన్న సైకిల్ టాక్సీ ఉండేది. ఇప్పటివాళ్ళకు చెప్పాలి, సైకిల్ టాక్సీ అంటే గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికి ఇచ్చే దుకాణం. రేకుల కప్పు, ముందర ఒక నీళ్ళ తొట్టి, గోడకు వేలాడే పాత టైర్లు, లోపల వరసగా ఇరవై నాలుగు నల్ల సైకిళ్ళు. ప్రతి సైకిల్ వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరు. మా అన్నకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు గాని, ఎవరు ఏ నంబరు సైకిల్ తొక్కుతారో మాత్రం బాగా గుర్తుండేది. ఊళ్ళో డాక్టరు కూడా ఆయనకు డాక్టరు కాదు, చిన్నప్పుడు తొమ్మిదో నంబరు తీసుకుపోయి కాలువలో పడేసినవాడు. పొద్దున దుకాణం తెరిస్తే చీకటి పడేదాకా ఆ తొట్టి పక్కనే ఉండేవాడు. పెళ్ళికి హైదరాబాదు పోయి బట్టలు తెచ్చుకోవడం తప్ప పెద్దగా ఎక్కడికీ పోయిన మనిషి కాదు.

తర్వాత మా దిక్కు భూములకు రెక్కలొచ్చాయి. రింగురోడ్డు పడుతుందన్నారు, బొంగులూరు దగ్గర దానికి దిగే దారి ఉంటుందన్నారు, ఆదిభట్ల పక్క పెద్ద పెద్ద కంపెనీలు వస్తాయన్నారు. నిన్నటిదాకా జొన్న చేలు దున్నినవాడు ఇవాళ తెల్ల చొక్కా తొడుక్కుని కారు అద్దం దించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అందరికీ మోటారు సైకిళ్ళు వచ్చాయి. అన్న దుకాణంలో ఇరవై నాలుగు సైకిళ్ళూ ఇరవై నాలుగు గుర్రాల్లాగా కట్టేసి ఉండేవి, ఎక్కేవాడు లేడు. అయినా ఆయన రోజూ పొద్దున్నే పంపు తీసి నలభై ఎనిమిది చక్రాలకూ గాలి కొట్టేవాడు. "గాలి లేకుంటె ట్యూబు అంటుకపోతది తమ్మీ" అనేవాడు. దుకాణం నడిచిందల్లా లారీల వల్ల. కోస్తా నుంచి ఉప్పు, ఎండు చేపలు వేసుకొచ్చే లారీలు సాగర్ రోడ్డున వచ్చి అక్కడ ఆగి టైర్లు చూపించుకునేవి. అన్న పానా చేత్తో పట్టుకుని ఆ డ్రైవర్లను ఊళ్ళ పేర్లు అడిగేవాడు. ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఎక్కడ మంచి నీళ్ళు దొరుకుతాయి. అవన్నీ ఒక టైర్ల కంపెనీ క్యాలెండర్ వెనక గీసుకుని పెట్టుకున్నాడు. మాచర్ల, గుంటూరు, బాపట్ల, అక్కడి నుంచి సముద్రం పక్కనే నిజాంపట్నం, రేపల్లె, కృష్ణ దాటి అవనిగడ్డ, చివరికి హంసలదీవి. పైన పెద్ద అక్షరాలతో "పది రోజులు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

ఆ క్యాలెండర్ నాకు ఆరు చలికాలాలు చూపించాడు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర దస్తావేజులు రాసేవాణ్ణి. ఆ రోజుల్లో మాకు తినడానికి తీరిక లేదంటే అతిశయోక్తి కాదు. ఎడమ చేత్తో ఇడ్లీ తింటూ కుడిచేత్తో తూర్పు హద్దు, పడమర హద్దు రాసిన మొనగాళ్ళం. చలి మొదలు కాగానే అన్న వచ్చి నా బల్ల ముందర నిలబడేవాడు. "తమ్మీ, ఈసారి పోదమా, సైకిళ్ళ మీద సముద్రం దాక?" అనేవాడు. "ఈ సీజన్ అయిపోనీ అన్నా" అనేవాణ్ణి. భూముల సీజన్ మామిడి పండ్ల సీజన్ లాంటిది కాదని, అది ఇప్పట్లో అయిపోదని ఇద్దరికీ తెలుసు. "సరే తీయ్, నీ పని చూస్కో" అని వెళ్ళిపోయేవాడు. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే పోయేవాణ్ణా అంటే, ఏమో, అప్పుడూ పోయేవాణ్ణి కాదేమో.

ఆరో చలికాలం ముగుస్తుండగా, మాఘమాసంలో ఒక పొద్దున దుకాణంలో గాలి కొడుతూ కొడుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. రెండో సోడా అడిగి పడిపోయాడు. ఎవరో పరుగెత్తుకొచ్చి, "మీ అన్నను దవాఖానకు తీస్కపోయిండ్రు, నువ్వు జల్ది రా" అన్నారు. అప్పుడు నేను ఒక దస్తావేజు రాస్తున్నాను. మూడు హద్దులు అయిపోయాయి, పడమర ఒక్కటే మిగిలింది. అది రాసి లేచాను. ఎంతసేపు పడుతుంది ఒక హద్దు రాయడానికి! ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. నేను పోయేసరికి దవాఖాన వసారాలో మా వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "అయిపాయె" అంది. నాకు ఏడుపు రాలేదు. కూర్చున్న కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, ఒళ్ళంతా అట్లా అయిపోయింది. పాడె కట్టడానికి వెదురు ఎక్కడ దొరుకుతుందో, ఎవరెవరికి ఫోన్లు చెయ్యాలో అన్నీ నేనే చూసుకున్నాను. గుండె దిటవు గలవాడని అందరూ మెచ్చుకున్నారు కూడా.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, ఆయనను కాల్చిన చోట పెట్టి దూరంగా నిలబడతాం. పిట్ట, అంటే కాకే, వచ్చి ముట్టాలి. ముడితే పోయినాయన తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు బతికున్నవాళ్ళు ఒకరొకరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి పైకి మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే పిట్ట దిగుతుంది. అప్పటిదాకా ఎవరికీ తిండి లేదు. ఆ రోజు బగార అన్నం, తలకాయ కూర, ఉడకబెట్టిన గుడ్డు, పక్కన సీసాలో కల్లు, అన్నీ పెట్టాం. కాకులు లేక కాదు, కరెంటు తీగ మీద వరసగా ఏడెనిమిది కూర్చుని ఉన్నాయి. దిగవు. అరగంట అయింది, గంట అయింది. మా చిన్నాయన ముందుకొచ్చి, "నీ బిడ్డల సదువులు మేం జూస్కుంటం రా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. దిగలేదు. మా అమ్మ, "నీ పెండ్లాన్ని కన్నబిడ్డ లెక్క జూస్కుంట కొడుకా" అంది. దిగలేదు. మా వదిన పోయి విస్తరి దగ్గర వంగి ఏదో చేసి వెనక్కి వచ్చింది, భర్తకు ఏదో చెప్పుకుంటోందని మేమంతా తల దించుకున్నాం. ఎండ మాడుతోంది. అమ్మ మూడు రోజులుగా సరిగా తినలేదు, ఊగుతోంది. అప్పుడు నేను, నిజం చెప్పాలంటే ఈ పని తొందరగా అయిపోతే బాగుండునని, "అన్నా, సైకిల్ మీద సముద్రం దాక పోయొస్త. నీ క్యాలెండర్ల రాసినట్టే పోత" అన్నాను. మాట నోట్లో ఉండగానే ఒక కాకి రివ్వున దిగి కూర ముక్క నోట కరుచుకుపోయింది. దాని వెనక మిగతావన్నీ దిగాయి. జనం అంతా ఒక్కసారి హమ్మయ్య అని భోజనాలకు లేచారు.

నేను ఆ మాట అక్కడే వదిలేసి వచ్చాననుకున్నాను. పిట్ట ముందర ఇచ్చే మాటలు అందరూ ఇస్తారు, అన్నీ ఎవరు చేస్తారు! మా చిన్నాయన, అన్న పిల్లల చదువుల సంగతి మళ్ళీ ఎత్తితే ఒట్టు. కాని మా అమ్మ అట్లాంటి మనిషి కాదు. పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు నేను పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరుతుంటే గడప దగ్గర అడ్డం నిలబడింది. "ఎప్పుడు పోతవ్?" అంది. "ఎక్కడికమ్మా?" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి చాయ్ మానేసింది. మా అమ్మ అన్నం లేకపోయినా ఉంటుందేమో గాని చాయ్ లేకపోతే ఉండలేదు. పొద్దున లేస్తే రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు. "వాడు ఇంటి సుట్టే తిరుగుతుండు బిడ్డా. నువ్వు పోయొచ్చేదాంక నా నోట్ల చాయ్ చుక్క పడదు" అంది. తలనొప్పికి నుదుటికి గుడ్డ గట్టిగా కట్టుకుని తిరిగేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ గుడ్డ కట్టుతో గుమ్మంలో కూర్చుని ఉండేది. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, దసరా పోయింది. సంవత్సరీకం రెండు నెలల్లోకి వచ్చింది. ఈలోపు పోకపోతే, చాయ్ లేకుండానే ఈమె కూడా పోతుందేమోనని భయం పట్టుకుంది. దుకాణం తాళం తీసి ఏడో నంబరు సైకిల్ బయటికి తెచ్చాను.

అప్పుడు మా బావ వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త, నాదర్‌గుల్ మనిషి. వాళ్ళ ఇంటి మీద రోజూ నడపడం నేర్చుకునేవాళ్ళ విమానాలు గిరగిరా తిరుగుతుంటాయి కాబట్టి ఆయన గొంతు ఎప్పుడూ పైస్థాయిలోనే ఉండేది. ఆ రోజుల్లో ప్లాట్లు చూపించే పనిలో దిగి, రెండు సెల్‌ఫోన్లు, ఒక పొట్ట సంపాదించాడు. పక్క వీధిలో కొత్తిమీర కట్టకు కూడా బండి స్టార్ట్ చేసే మనిషి వచ్చి, పదకొండో నంబరు సైకిల్ చూపించి, "ఇది నాకు దియ్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "బావా, నువ్వెందుకే? మాటిచ్చింది నేను" అన్నాను. "ఏ, ఒక్కడివి ఎట్ల పోతవ్ బామ్మర్దీ, నేనొస్త" అన్నాడు గాని నా కళ్ళలోకి చూడలేదు. అప్పటికే ఇంట్లో ఒక మాట నడుస్తోంది, దుకాణం జాగ అమ్మాలని. కొనేవాణ్ణి తెచ్చింది బావే. దస్తావేజు రాయాల్సింది నేను. సంవత్సరీకం అయ్యాక అనుకున్నాం. మా వదిన ముందే చెప్పేసింది, "జాగ పట్టుకొని నేనేం జెయ్యాలె? రోజు పొద్దున లేసి టైర్లకు గాలి కొట్టన్నా? పిల్లల సదువులున్నయ్" అని. ఆమె మాట కాదనడానికి ఎవరికీ నోరు లేదు.

సాగర్ రోడ్డు మీద మొదటి రోజులు ఏం జరిగిందో చెప్పడానికి ఏమీ లేదు, తొడలు వాచాయి, తొక్కాం. సాగర్ దగ్గర డ్యాము చూశాం. మాచర్ల దాటాం. గుంటూరు దగ్గర మిరపకాయల ఘాటుకు బావ తుమ్ముతూ తుమ్ముతూ సైకిల్‌తో సహా గడ్డివాములోకి పోయాడు. బాపట్ల చేరేసరికి నాలుగు రోజులైంది. అక్కడి నుంచి దారి మారిపోయింది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, బల్లపరుపుగా ఎటు చూసినా పండిన వరి. కోతలు నడుస్తున్నాయి. కాలువ గట్టు మీద మేము తొక్కుతుంటే పక్కనే నీళ్ళు మాతో పాటే వచ్చేవి. తాటిచెట్లు, మధ్య మధ్య రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు, గాలికి ఒకటే హోరుమనే సరుగుడు తోటలు, ఇసుక నేలలో వేరుశనగ పీకుతున్న ఆడవాళ్ళు. ఉప్పు మడుల దగ్గర తెల్లటి కుప్పలు కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి. మా రాళ్ళ గుట్టల దేశంలో పుట్టినవాడికి అదంతా పండగే కావాలి. బాగుందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ బాగు మాత్రం నాకు అంటలేదు. అన్న క్యాలెండర్‌లో ఊరి పేరు, రోడ్డు మీద రాతి పలక మీద ఊరి పేరు సరిచూసుకోవడం, ఒకటి కొట్టెయ్యడం, మళ్ళీ తొక్కడం. దస్తావేజులో హద్దులు సరిచూసినట్టే చూశాను. ఆయన ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయని రాశాడో అక్కడ నిజంగానే దొరికాయి, తాగాను.

సూర్యలంకలో మొదటిసారి సముద్రం చూశాం. ఇద్దరం సైకిళ్ళు ఇసుకలో పడేసి నిలబడ్డాం. బావ నోరు తెరుచుకుని చాలాసేపు చూసి, "అబ్బా బామ్మర్దీ, గింత జాగ! ఒక్క హద్దురాయి లేదు" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఇక్కడితో సముద్రం వచ్చేసింది కదా, సైకిళ్ళు బస్సు మీద వేసుకుని ఇంటికి పోదాం అని నేనే అన్నాను. ఒళ్ళు హూనమై ఉన్నాను, అమ్మకు చాయ్ పోయించి నా పని నేను చూసుకోవాలని ఉంది. అప్పుడు బావ అన్నాడు, "క్యాలెండర్ల హంసలదీవి దాక ఉన్నది. ఆడిదాక పోవాలె." రెండు సెల్‌ఫోన్లూ అప్పటికి మూడు రోజులుగా కట్టేసి ఉంచాడు. ఆ మనిషి ఫోన్ కట్టేయడమంటే ఊపిరి కట్టేసుకోవడం. ఈయనకేమైందని మొదటిసారి అనుమానం వచ్చింది, అడగలేదు.

నిజాంపట్నం దారిలో ఒక తాటాకుల పాక ముందు టీ కోసం ఆగాం. పాకావిడ మా సైకిళ్ళ మీద నంబర్లు చూసి, "ఏ ఊరయ్యా మీది?" అంది. "హైదరాబాద్ దిక్కు" అన్నాడు బావ. "హైదరాబాదు నుంచి సైకిలు మీదా! బస్సుల్లేవా ఏంది ఆడ?" అంది. "ఉన్నయమ్మా. మాటిచ్చినం, గందుకే" అన్నాడు. "ఎవరికి?" అని అడిగింది. "పిట్టకు" అన్నాడు బావ. ఆమె నవ్వుతుందనుకున్నాను. గిన్నెలో గరిటె ఆపి, మా ఇద్దరి మొహాలూ చూసి, "కాకి ముట్టిందా మరి?" అంది. "ముట్టింది" అన్నాను. "అయితే మంచిదే. పోయి రండి నాయనా" అని ఇంకో రెండు గ్లాసులు పోసింది. ఆ టీ తాగుతుంటే, నుదుటికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చున్న మా అమ్మ జ్ఞాపకం వచ్చి సగం గ్లాసు కింద పెట్టేశాను.

కృష్ణ దాటి, అవనిగడ్డ మీదుగా, ఏడో రోజు మధ్యాహ్నం హంసలదీవి చేరాం. అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ఒకవైపు నుంచి వచ్చే నీళ్ళది ఒక రంగు, అటువైపుది ఇంకో రంగు, మధ్యలో రెండూ తోసుకుంటూ ఒక గీత. మోకాళ్ళ దాకా దిగి, అన్న క్యాలెండర్ విప్పి, చివరి పేరు కూడా కొట్టేశాను. అన్నా, పోయొచ్చిన, అని మనసులో అనుకున్నాను. ఏమీ కాలేదు. అలలు వచ్చి పోతున్నాయి, నాకు కాళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. ఒకసారి అన్న పేరు పైకి పిలిచి చూశాను. ఆ పేరు వేరే ఎవరిదో అన్నట్టుంది. వెనక్కి తిరిగేసరికి బావ ఇసుకలో కూలబడి, చిన్నపిల్లాడిలాగా మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"బామ్మర్దీ, పిట్ట నీ మాటకు ముట్టలే. నా మాటకు ముట్టింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. నువ్వేం మాటిచ్చినవ్, నువ్వసలు ముందుకే రాలేదు కదా అన్నాను. అప్పుడు చెప్పాడు. నేను సముద్రం అంటున్న ఆ క్షణానే, ఆయన వెనక నిలబడి మనసులో మా అన్నతో, బావా, నీ దుకాణం జాగ అమ్మనియ్య, నా మీద ఒట్టు, అనుకున్నాడట. అన్న బతికుండగా ఆ జాగ అమ్మమని రెండేళ్ళు వెంటబడింది ఈయనే, అన్న ప్రతిసారీ నవ్వి పంపు తీసుకుని లేచిపోయేవాడు. ఆ మాట అనుకున్నాడో లేదో పిట్ట దిగింది. మరి మళ్ళీ కొనేవాణ్ణి తెచ్చింది కూడా ఈయనే. "అక్కకు పైసల్ అవసరమున్నయని తెచ్చిన. తెచ్చినకాంచి నాకు నిద్ర లేదు. నువ్వు ఇంత దూరం తొక్కి నీ మాట తీర్చుకుంటున్నవ్. రేపు పోయి నా మాట మనమిద్దరం కలిసి తెంపుతం" అన్నాడు. మా వదినను ఆయన అక్క అనే పిలుస్తాడు. నేను నీళ్ళలోంచి ఇసుకలోకి వచ్చాను. ఓదార్చాలని తెలుసు, చెయ్యి లేవలేదు. తర్వాత సైకిళ్ళ గొలుసుల్లో ఇరుక్కున్న ఇసుక కడిగి బస్టాండుకు బయల్దేరాం.

ఇంటికి చేరగానే మా అమ్మ నుదుటి గుడ్డ విప్పి, "ఎట్లున్నది కొడుకా సముద్రం?" అంది. "మంచిగున్నదమ్మా. మస్తు పెద్దగున్నది" అన్నాను. "వాడు సూసిండా?" అంది. సూసిండమ్మా అన్నాను. మా అక్క చాయ్ తెచ్చిచ్చింది. పది నెలల తర్వాత మొదటి గుక్క తాగి, మూతి ముడిచి, "గింత చక్కెర ఎవలేసిండ్రు?" అని అరిచింది. ఆ అరుపుతో ఇల్లు మళ్ళీ ఇల్లయింది. సంవత్సరీకం బాగానే జరిగింది. బావ మాత్రం ఆ రోజంతా నాకు ఎదురుపడకుండా వంటల దగ్గరే తిరిగాడు.

తర్వాతి సోమవారం పొద్దున మా వదిన నా బల్ల ముందుకు వచ్చి కూర్చుంది, దుకాణం జాగ దస్తావేజు రాయించుకోవడానికి. కాగితం తీశాను. తూర్పు రాశాను, దక్షిణం రాశాను, ఉత్తరం రాశాను. పడమర హద్దు దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇక దాచలేక, హంసలదీవిలో బావ చెప్పిందంతా చెప్పాను. పిట్ట ఎవరి మాటకు ముట్టిందో తెలియకుండా ఈ జాగ నేను రాయలేను వదినా, అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత ఏడాదిలో మొదటిసారి నవ్వింది. "ఎవల మాటకు లేదు. ఆ కాకి గంటసేపటి సంది తలకాయ కూర దిక్కే సూస్తుంది. మీ చిన్నాయన దాని మీద అన్నం కుప్ప వోసిండు. అత్త పడిపోయేటట్టున్నదని నేనే పోయి అన్నం పక్కకు జరిపిన. ముక్క కండ్లవడ్డది, దిగింది. గంతే" అంది. చుట్టూ జనం, ఎవరి కాగితాలు వాళ్ళవి. నేను బుర్ర గోక్కుని, సరే, జాగ సంగతి పోనీ, సముద్రం అయినా ఆయన కోరికే కదా, ఆరేళ్ళు అడిగాడు కదా అన్నాను, కనీసం అదైనా నిలబెట్టుకుందామని.

మా వదిన పెన్ను నా చేతిలోంచి తీసుకుని, మూత పెట్టి, మళ్ళీ తీసింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తోందని తెలుస్తోంది. "ఆయనకు నీళ్లంటె భయం. గీ మన పెద్ద చెర్వుల ఏనాడన్న కాలు వెట్టంగ సూసినవా? సముద్రం ఏం జేస్కుంటడు?" అంది. మరి సముద్రమే ఎందుకన్నాడు అని అడిగాను. "దూరమున్నదని. దగ్గరున్న ఊరంటె నువ్వు పొద్దుగాల పోయి పొద్దుమీకి తిరిగొస్తనంటవట. సముద్రమైతె పోను రాను పది రోజులు. పది రోజులు తమ్ముడు నాతోనే ఉంటడు అనెటోడు. నువ్వు సదువుకొని గీ ఆఫీసుల వడ్డంక మీరిద్దరు కలిసి కూసొని అన్నం తిన్నది లేదంట" అంది, మామూలుగా, ఉప్పు అయిపోయింది తెమ్మని చెప్పినంత మామూలుగా.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. దవాఖానలో రానిది, పిట్ట దగ్గర రానిది, సముద్రంలో నిలబడి పిలిచినా రానిది, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర, పది మంది పార్టీలు చూస్తుండగా, కాగితం మీద పడి సిరా అలికిపోయేంత ఏడుపు వచ్చింది. వదిన కొంగు చేతికిచ్చింది. ఇంకో కాగితం తీసి మొదటి నుంచి రాశాను. జాగ పోయింది, దాంతో పిల్లలు చదువుకున్నారు, బాగానే ఉన్నారు. ఆ ఆరు చలికాలాల్లో నేను తీరిక లేకుండా రాసిన దస్తావేజుల్లో ఒక్కదాని హద్దులు కూడా ఇవాళ నాకు గుర్తు లేవు. మా అన్న అడిగిన ఆ పది రోజులు మాత్రం, ఇన్నేళ్ళు గడిచినా, గడవకుండా అట్లాగే ఉన్నాయి.